హలో... వినబడుతోందా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారితమైన ప్రసంగం)



మొన్నొక ఉదయం తొమ్మిది గంటలవేళ వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్నాను. ఆవాలు చిటపటమంటున్నాయి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అమెరికాలో డల్లాస్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి. అక్కడ రాత్రి పదిన్నర. ‘అమ్మా!’ అన్నది. ‘వుండవే, పోపు మాడిపోతోంది, మళ్ళీ చెయ్యి’ అని పెట్టేశాను.

పప్పు దించి, చెయ్యి తుడుచుకున్నాక మనసు చివుక్కుమంది. అమ్మాయి మీద జాలితో మాత్రమే కాదు. సముద్రాల అవతలినుంచి ఫోను వస్తే ‘మళ్ళీ చెయ్యి’ అనగలిగిన ఆడది మా అమ్మ కాలంలో వుండేదా అని. పోపేమిటి, పొయ్యిమీద అన్నం మాడినా, చంటిపిల్ల ఏడుస్తున్నా వదిలేసి పరుగెత్తేవాళ్ళు కదా! ఇంతలోనే ఇంత చులకన ఎట్లా అయింది? అసలు ఆ మాట అంతదూరం నుంచి మన చెవిదాకా ఎట్లా వచ్చింది? ఈ సంగతి నాలుగు పుస్తకాలు తిరగేసి, నలుగురిని అడిగి తెలుసుకున్నాను. నేను మెట్రిక్ వరకే చదివినదాన్ని. నాకు అర్థమైనట్టుగానే మీకూ చెప్తాను.

ఫోనుకన్నా ముందు వచ్చింది టెలిగ్రాం. 1870లో ఇంగ్లండు నుంచి జిబ్రాల్టర్, మాల్టా, ఈజిప్టు, ఏడెన్ మీదుగా మన బొంబాయిదాకా సముద్రం అడుగున తీగ వేశారు. అంతకుముందు ఓడ మీద వారాలూ నెలలూ పట్టే కబురు గంటల్లోకి వచ్చింది. కానీ ఒక్కొక్క మాటకూ డబ్బు. అందువల్ల మంచికో చెడుకో, మరీ ముఖ్యమైతేనే ఇచ్చేవారు. మన ఇళ్ళల్లో టెలిగ్రాం బంట్రోతు సైకిలు గుమ్మం ముందు ఆగిందంటే, కాగితం విప్పకముందే ఏడ్పులు మొదలయ్యేవి. ఉద్యోగం వచ్చిందని ఇచ్చిన టెలిగ్రాంకు కూడా శోకాలు పెట్టిన ఇళ్ళున్నాయి. ఆ టెలిగ్రాం మన దేశంలో 2013 జూలైదాకా బతికి, ఆ నెలలోనే కన్నుమూసింది.

టెలిగ్రాం తీగ మీద మాట ఎందుకు పోదు అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. టెలిగ్రాంలో పోయేవి చుక్కలూ గీతలూ మాత్రమే. ఆగి ఆగి తలుపు తట్టినట్టు. ఎంత నీరసంగా చేరినా ‘ఇది చుక్క, ఇది గీత’ అని పోల్చుకోవచ్చు. మనిషి గొంతు అట్లా కాదు. సెకనుకు వందలసార్లు, వేలసార్లు కంపిస్తుంది. ఆ కంపనాలు సముద్రం అడుగున వేలమైళ్ళ తీగలో పోతూపోతూ నీరసించి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పదిచేతులు మారిన పాలు పలచబడ్డట్టు, చివరికి చేరేది మాట కాదు, వట్టి గొణుగుడు.

గ్రహాంబెల్ దొర టెలిఫోనుకు పేటెంటు పుచ్చుకున్నది 1876లో. ఫోను ఎత్తగానే ‘అహాయ్’ అనాలని ఆయన సరదా. అది ఓడవాళ్ళ కేక. ‘హలో’ అనమని చెప్పినవాడు ఎడిసన్. చివరికి నిలబడ్డది ‘హలో’యే. లేకపోతే మనమందరం ఈపాటికి ‘అహాయ్, వదినా’ అంటూ వుండేవాళ్ళం!

ఇందులో ఆడవాళ్ళ పాత్ర ఒకటుంది, చెప్పకుండా వుండలేను. మొదట్లో ఫోను కలిపే పనికి కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళు అల్లరి చేయడం, చందాదారులతో దురుసుగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఇది పని కాదని 1878 సెప్టెంబరు 1న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎమ్మా నట్ అనే ఆమెను ఆపరేటరుగా తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి స్త్రీ ఆపరేటరు ఆమే. ఆ తర్వాత ఆ పని దాదాపు ఆడవాళ్ళదే అయింది. ఎవరి కోపానికీ కోపం తెచ్చుకోకుండా, ఎవరి రహస్యం ఎవరికీ చేరవేయకుండా మాటకూ మాటకూ ముడివేయడమంటే, అది మనం ఇళ్ళల్లో రోజూ చేస్తున్న పనేగా!

మన దేశానికి ఫోను తొందరగానే వచ్చింది. 1881లో ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీకి అనుమతి దొరికింది. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజీలు తెరిచారు. అప్పటికి మద్రాసు మన తెలుగువాళ్ళలో చాలామందికి రాజధాని. అయితే ఆ ఫోను ఊళ్ళో మాటలకే. సముద్రం దాటాలంటే మరో యాభైఏళ్ళు ఆగవలసివచ్చింది.

ఆ దారి దొరికింది సముద్రంలో కాదు, ఆకాశంలో. రేడియో తరంగాల మీద మాటను ఎక్కించి పంపారు. 1927 జనవరి 7న లండన్, న్యూయార్క్‌ల మధ్య మొట్టమొదట జనం డబ్బు కట్టి మాట్లాడుకున్నారు. ధర ఎంతో తెలుసా? మూడు నిమిషాలకు 15 పౌండ్లు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో సుమారు 200 రూపాయలు. ఆ రోజుల్లో ఆ సొమ్ముకు తొమ్మిది తులాల పైన బంగారం వచ్చేది. మూడు నిమిషాల మాటకు ఒక పెళ్ళికూతురి నగలు!

మన దేశంలో పూనా దగ్గర ఖడ్కీలో పంపే స్టేషను, దౌండులో అందుకునే స్టేషను కట్టి, 1927 జూలైలో ఇంగ్లండుకు వైర్‌లెస్ టెలిగ్రాంలు మొదలుపెట్టారు. 1933 మే నెలలో అదే ఏర్పాటు మీద బొంబాయి నుంచి లండన్‌కు మాట కలిసింది. మన దేశం నుంచి గొంతు సముద్రం దాటడం అదే మొదలు.

ఆ మాట ఎట్లా వినబడేదో పెద్దవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. షార్ట్‌వేవ్‌లో సిలోన్ రేడియో పెట్టుకున్నవాళ్ళకు తెలుసు కదా! పాట పెద్దగా వస్తూ వస్తూ దూరమైపోయేది. మళ్ళీ ఎక్కడినుంచో గుయ్యిమంటూ దగ్గరకొచ్చేది. ఇదీ అంతే. తరంగాలు పైకిపోయి, ఆకాశంలో ఒక పొరకు తగిలి, అద్దంమీద వెలుగు పడ్డట్టు మళ్ళీ కిందికి రావాలి. ఆ పొర పగలొకరకంగా, రాత్రొకరకంగా వుంటుంది. అందువల్ల రోజులో కొన్ని గంటలే మాట సరిగా కలిసేది. ఎండదెబ్బకో తుఫానుకో కాదు, సూర్యుడిలో ఏదైనా అలజడి జరిగినా మాట పోయేది.

స్వాతంత్ర్యం రావడానికి కొద్దినెలల ముందు, 1947 జనవరి 1న, ఈ విదేశీ వార్తాసౌకర్యమంతా ప్రభుత్వం చేతికి వచ్చింది. ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీస్ అని పేరు. అప్పటికి దేశం మొత్తం మీద టెలిఫోన్లు సుమారు 80 వేలు. ముప్ఫై కోట్ల పైచిలుకు జనానికి! ఇంట్లో ఫోనుందంటే వాళ్ళు ఏ కలెక్టరో, మిల్లు యజమానో అయివుండాలి. తరువాత కూడా దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళతరబడి కాచుకున్న కుటుంబాలెన్నో.

మా వీధి చివర ఒక పెద్దమ్మగారున్నారు. డెబ్భైలలో ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమెను అడిగితే కళ్ళకు కట్టినట్టు చెప్పారు. పరదేశానికి మాట్లాడాలంటే ముందు బుక్ చేయాలి. నెంబరు, మనిషి పేరు చెప్పాలి. ఆ మనిషే దొరికితేనే కలపమంటే ‘పి.పి.’ కాల్. దానికి అదనపు రుసుము. ఆర్డినరీ, అర్జెంటు అని తరగతులు. మనవూరి ఆపరేటరు బొంబాయికో మద్రాసుకో చెప్తే, వాళ్ళు అవతలి దేశం ఆపరేటరుకు చెప్తారు. వంతు ఎప్పుడు వస్తుందో దేవుడికే ఎరుక. పొద్దున బుక్ చేసిన కాల్ అర్ధరాత్రి కలిసేది. అందాకా ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ కాపలా. ఎవరూ స్నానానికి పోరు, ఎవరూ గట్టిగా మాట్లాడరు.

‘మూడు నిమిషాలు కాగానే మధ్యలో చెప్పవలసింది మేమే. ఇంకా పొడిగిస్తారా అని అడగాలి. ఒకసారి ఒక తల్లి లండన్‌లో వున్న కొడుకుతో మూడు నిమిషాలూ ‘బాగున్నావా నాయనా, బాగున్నావా’ అనే అన్నది. కొడుకు ‘బాగున్నానమ్మా’ అనే అన్నాడు. మూడు నిమిషాలయ్యాయని చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా’ అన్నారావిడ. తర్వాత ఆ నిమిషం లెక్క ఎట్లా సర్దారో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇంతలో అవతల సముద్రంలో పెద్ద పని జరిగింది. 1956లో స్కాట్లండు నుంచి కెనడా ఒడ్డుకు అట్లాంటిక్ అడుగున మొదటి టెలిఫోను కేబులు వేశారు. నీరసించిపోయే గొంతుకు దారిపొడుగునా బలం పోసే పరికరాలను ఆ కేబులులోనే అమర్చారు. దానిమీద ఒకేసారి 36 జతలవారు మాట్లాడుకోవచ్చు. అంత మహాసముద్రానికి 36 మాటలు! అయినా అప్పటికి అదే అద్భుతం.

ఆ తర్వాత వచ్చింది ఉపగ్రహం. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహాన్ని నిలిపితే అది భూమితోపాటే తిరుగుతూ మనకు కదలనట్టే కనబడుతుందనీ, దానిద్వారా దేశదేశాలకూ మాట పంపవచ్చుననీ ఆర్థర్ క్లార్క్ అనే ఆయన 1945లోనే రాశాడు. ఆయన తర్వాత మన పొరుగున సిలోన్‌కే వచ్చి స్థిరపడ్డాడు. ఆయన రాసిన ఇరవైఏళ్ళకు, 1965లో ‘ఎర్లీ బర్డ్’ అనే ఉపగ్రహాన్ని అట్లాంటిక్ మీద నిలిపారు. మన దేశానికి పూనా దగ్గర ఆర్వీలో విక్రమ్ భూకేంద్రం కట్టారు. దాన్ని 1972 ఫిబ్రవరిలో ఇందిరాగాంధీ జాతికి అంకితం చేశారు.

ఉపగ్రహం వచ్చాక గొంతు శుభ్రంగా వినబడింది. కానీ కొత్త చిక్కొకటి వచ్చింది. మీలో చాలామందికి అనుభవమే. మనం ‘హలో’ అంటాం, అవతల నిశ్శబ్దం. వినబడలేదేమోనని మళ్ళీ ‘హలో’ అంటాం. అదే సమయానికి వాళ్ళ ‘హలో’ వచ్చి మన ‘హలో’కు ఢీకొంటుంది. ఇద్దరం ఆగుతాం. ఇద్దరం మళ్ళీ ఒకేసారి మొదలుపెడతాం. కారణం లెక్కలోనే వుంది. మాట 36 వేల కిలోమీటర్లు పైకి, మళ్ళీ అంతే కిందికి పోవాలి. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో పోయినా పావు సెకను పడుతుంది. జవాబు రావడానికి మరో పావు సెకను. అర సెకనే కదా అనుకుంటాం. ‘నాన్నకెట్లా వుంది?’ అని అడిగినప్పుడు ఆ అర సెకను ఎంత పొడుగో అడిగినవాళ్ళకే తెలుసు.

ఇక ఆపరేటరు లేకుండా మనమే నెంబరు తిప్పుకోవడం. దాని వెనుక ఒక వేడుకైన కథ చెప్తారు. అమెరికాలో కాన్సాస్ సిటీలో స్ట్రోజర్ అని ఒకాయన. శవాలకు అంత్యక్రియలు చేయించే వ్యాపారం. పోటీ వ్యాపారి భార్య ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరట. ఈయనకు రావలసిన బేరాలన్నీ ఆవిడ మొగుడికే కలుపుతున్నదట! ఆ ఉక్రోషంతో ఆపరేటరు అక్కరలేని యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. కథ ఎంతవరకు నిజమైనా, యంత్రం మాత్రం నిజం. మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య మనమే తిప్పుకునే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. పరదేశానికి తిప్పుకునే ఐ.ఎస్.డి. 1976లో బొంబాయి, లండన్‌ల మధ్య మొదలైంది. మెల్లగా మిగతా ఊళ్ళకూ పాకింది. ఇంటిపేరు వున్నట్టే ప్రతి దేశానికీ ఒక అంకె. మనకు 91, ఇంగ్లండుకు 44, అమెరికాకు 1, కువైట్‌కు 965.

ఈ చివరి అంకె చెప్పేటప్పుడు నా గొంతు కాస్త తడబడుతుంది. ఎందుకో చెప్తాను.

మన తెలుగువాళ్ళలో పరదేశం పోయినవాళ్ళు రెండు దారుల్లో పోయారు. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చింది. ఆ తర్వాత మన డాక్టర్లూ ఇంజనీర్లూ అటు పోయారు. 1973లో చమురు ధర పెరిగి, గల్ఫు దేశాల్లో పనులు పుట్టాయి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి మగవాళ్ళు కూలిపనులకూ, కడప, గోదావరి జిల్లాల నుంచి మగవాళ్ళతోపాటు ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనులకూ అటు పోయారు. మొదటి దారివాళ్ళ ఇళ్ళల్లో ఫోనుండేది. రెండో దారివాళ్ళ ఇళ్ళల్లో కరెంటే వుండేది కాదు.

మాది అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర పల్లెటూరు. మా పిన్ని, మా అమ్మకు చెల్లెలు, 1988లో కువైట్ పోయింది. వాళ్ళాయన అప్పులు చేసి పోయాడు. ఇద్దరు మగపిల్లలు. వాళ్ళను మా అవ్వ దగ్గర వదిలిపెట్టి పోయింది. ఉత్తరం రావడానికి రెండు వారాలు. అప్పుడప్పుడు ఊరికి వచ్చేవాళ్ళ చేత క్యాసెట్టు పంపేది. అందులో పిన్ని గొంతు విని పిల్లలిద్దరూ టేపురికార్డరు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

పిన్ని పనిచేసే ఇంట్లో ఫోను ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. శుక్రవారం కాసేపు బయటికి పంపితే, వీధిలో ఫోను దగ్గర నిలబడి, దాచుకున్న నాణాలు వేసి మాట్లాడేది. మూడు నెలలకొకసారి. ‘ఫలానా శుక్రవారం మధ్యాహ్నం చేస్తాను’ అని ముందు ఉత్తరం రాసేది. రాజంపేటలో ఒక నూనె మిల్లులో ఫోనుండేది. రెండంకెల నెంబరు. ఆ శుక్రవారం మా అవ్వ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, పిల్లలిద్దరికీ మొగం కడిగి పౌడరు రాసి మిల్లుకు బయలుదేరేది. ‘ఫోనులో మొగం కనబడదు గదవ్వా’ అని నేనంటే, ‘దానికి కనబడదు. నాకు కనబడతాది గదా!’ అనేది.

1990 ఆగస్టు 2, గురువారం. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఆ మరునాడు శుక్రవారం పిన్ని ఫోను చేస్తానన్న రోజు. రేడియోలో వార్త విని ఊరంతా మా అవ్వ ఇంటి ముందు చేరింది. అవ్వ ఎవరితోనూ ఏమీ అనలేదు. శుక్రవారం పొద్దున్నే మామూలుగా చీర కట్టుకుని పిల్లల్ని తీసుకుని మిల్లుకు పోయింది. సాయంత్రందాకా కూర్చుంది. ఫోను రాలేదు. కువైట్ నుంచి బయటి దేశాలకు ఫోన్లు తెగిపోయాయి.

ఆ తర్వాత రోజూ పోయింది. నాలుగు మైళ్ళు పోను, నాలుగు మైళ్ళు రాను. మిల్లు యజమాని భార్య మంచితల్లి. ఫోనున్న గదిలోనే అవ్వకు చాప వేయించింది, మజ్జిగ ఇచ్చేది. వినాయక చవితి వెళ్ళింది. మా ఇళ్ళల్లో కుడుములు చెయ్యలేదు. ఆ రోజుల్లోనే మన ప్రభుత్వం కువైట్‌లో చిక్కుకున్నవాళ్ళను బస్సుల్లో ఎడారి దాటించి, జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయికి తెస్తోంది. రెండు నెలల్లో దాదాపు 500 విమాన ప్రయాణాల్లో సుమారు 1,70,000 మందిని తెచ్చారు. ప్రపంచంలో పౌర విమానాల మీద జరిగిన అంత పెద్ద తరలింపు మరొకటి లేదంటారు. ఆ లెక్కలేవీ అప్పుడు మాకు తెలియవు. మాకు కావలసింది ఒకే ఒక్క మనిషి.

దసరాకు వారం ముందు, మధ్యాహ్నం వేళ, మిల్లులో ఫోను మోగింది. బొంబాయి నుంచి ట్రంకు కాల్. ఒంటిమీది చీర తప్ప పిన్ని దగ్గర ఏమీ లేదు. నెంబర్లు రాసుకున్న కాగితం, పెట్టె, రెండేళ్ళ జీతం, అన్నీ అక్కడే పోయాయి. కానీ మిల్లు నెంబరు రెండంకెలూ కంఠతా వచ్చు. ఎవరో పుణ్యాత్ములు బుక్ చేసిపెట్టారు. అవ్వ చేతికి రిసీవరిచ్చారు. ‘అమ్మా, నేనే’ అన్నది పిన్ని. అంతే. అవ్వ నోట మాట రాలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడిపోయింది. మిల్లు యజమాని భార్య ‘మాట్లాడమ్మా, నిమిషాలు పోతున్నాయి’ అంటోంది. అవ్వ మాట్లాడలేదు. అవతల పిన్నీ మాట్లాడలేదు. మూడు నిమిషాలూ అట్లాగే అయిపోయాయి.

బయటికి వచ్చాక మా అమ్మ కోప్పడింది. ‘ఎట్లుందో, ఎప్పుడొస్తుందో అడగొద్దా? ఏమన్నది?’ అని. అవ్వ అన్నది: ‘ఏమీ అనలే. ఊపిరి ఇనబడింది. సాలు.’

పిన్ని నాలుగోరోజు ఇంటికి చేరింది. మళ్ళీ రెండేళ్ళకు అదే కువైట్ పోయింది. అప్పులు తీరాలి కదా! కానీ అప్పటికి కాలం మారడం మొదలైంది. 1984లో సి-డాట్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టి, మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్‌ఛేంజీలను మన ఇంజనీర్లే తయారుచేశారు. ఎనభైల చివరినుంచి ఊరూరా పసుపురంగు మీద ‘ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ.’ బోర్డులు వెలిశాయి. వికలాంగులకూ, మాజీ సైనికులకూ, ఆడవాళ్ళకూ వాటిని ఇవ్వడంలో ముందుచోటు వుండేది. ఎందరికో అది అన్నం పెట్టింది. అద్దాల గదిలో చెమటలు కక్కుతూ, ఒక కన్ను ఎర్రటి అంకెలు పరుగెత్తే మీటరు మీద పెట్టి మాట్లాడటం మీ అందరికీ గుర్తుండేవుంటుంది. చెప్పవలసినవి ముందే కాగితం మీద రాసుకునేవాళ్ళం. తీరా ఫోను కలిసేసరికి ఆ కాగితం సంగతే మర్చిపోయేవాళ్ళం.

ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీస్ 1986లో విదేశ్ సంచార్ నిగమ్‌గా మారింది. 2002 ఏప్రిల్‌లో పరదేశపు ఫోన్ల మీద దాని గుత్తాధిపత్యం పోయి, వేరే కంపెనీలూ రంగంలోకి వచ్చాయి. రేట్లు దిగాయి. 2003లో స్కైప్ వచ్చి ఇంటర్నెట్ మీద మాట పంపింది. 2015లో వాట్సాప్‌లో మాట, 2016లో బొమ్మ వచ్చాయి. నిమిషాల లెక్క మాయమైంది.

ఇప్పుడు మీరందరూ అనుకుంటూ వుంటారు, ఈ మాటలన్నీ ఉపగ్రహం మీద పోతున్నాయని. నేనూ అట్లాగే అనుకున్నాను. కాదట! ఖండాల మధ్య పోయేదంతా దాదాపు మళ్ళీ సముద్రం అడుగునే పోతోంది. వెంట్రుకంత సన్నని గాజుపోగుల్లో, వెలుగు రూపంలో. 1988లో అట్లాంటిక్‌లో వేసిన మొదటి గాజుపోగు కేబులు ఒకేసారి 40 వేల సంభాషణలు మోసింది. 36 ఎక్కడ, 40 వేలెక్కడ! దారి పావు సెకను ఆకాశయాత్ర కాదు కనుక ఆ ‘హలో’ల ఢీ కూడా తగ్గింది. బొంబాయిలో, మద్రాసులో ఇట్లాంటి కేబుళ్ళు ఒడ్డుకు చేరుతున్నాయి. 1870లో టెలిగ్రాం తీగ ఏ బొంబాయి ఒడ్డుకు వచ్చిందో, నూటయాభైఏళ్ళ తర్వాత మా అమ్మాయి గొంతూ అదే సముద్రం అడుగునుంచి వస్తోంది. తీగ తెగితే మాట ఆగడమూ అట్లాగే వుంది. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర సముద్రంలో కేబుళ్ళు తెగితే మన దేశంలో ఇంటర్నెట్ రోజుల తరబడి కుంటింది.

అందుకని ఒక చిన్న మాట. సలహా అనుకోండి, చాదస్తమనుకోండి. మా పిన్నిని ఆ రోజు ఆదుకున్నది ఆమె గుర్తుపెట్టుకున్న రెండంకెలు. ఈ ప్రసంగం రాస్తూ నన్ను నేను పరీక్షించుకున్నాను. మా అమ్మాయి నెంబరు నాకు నోటికి రాదు! పేరు మీద వేలు పెడితే కలుస్తోంది కదా అని ఏనాడూ చూడనేలేదు. ఫోను పోతే, పాడైతే, నాకూ నా బిడ్డకూ మధ్య ఏముంది? ఆ రాత్రే కాగితం తీసుకుని పరదేశంలో వున్న మావాళ్ళ నెంబర్లు, అమ్మాయితో కలిసి వుండే స్నేహితురాలి నెంబరు, అక్కడి మన రాయబార కార్యాలయం నెంబరు రాసి వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించాను. మీరూ రాసిపెట్టుకోండి. అవతల వున్న పిల్లల చేత కూడా మీ నెంబరు కంఠతా పట్టించండి. ఎక్కాలు పట్టించలేదూ, అట్లాగే.

ఆ ఉదయం సంగతి ముగిస్తాను. చెయ్యి తుడుచుకుని అమ్మాయికి నేనే మళ్ళీ ఫోను చేశాను. ‘ఏమే, ఏదో చెప్పబోయావు?’ అన్నాను.

‘ఏమీ లేదమ్మా. నిద్రపోయేముందు ఊరికే నీ గొంతు వినాలనిపించింది’ అన్నది.

నాకు నూనె మిల్లులో చాప మీద కూర్చున్న మా అవ్వ జ్ఞాపకం వచ్చింది. నేను మాత్రం మాట్లాడాను. పోపు సంగతి, పక్కింటివాళ్ళ సంగతి, వానల సంగతి. అరగంట మాట్లాడాను. ఎవరూ మధ్యలోకి వచ్చి మూడు నిమిషాలయ్యాయనలేదు.